సాయవ్వ గళ్లు

సిద్దిపేట, సాలోళ్ల వాడ
4 జూన్ 1946

నాగేశానికి రాజనర్సు రాయునది.

"అక్కా, ఈ గళ్లు పట్నం పోతయ్. నేసింది సాయవ్వ అని నేనే చెప్త" అని మా అక్క మగ్గం పక్కన గొంతుక్కూర్చుని నువ్వు మాట ఇచ్చి ఈ జ్యేష్ఠానికి నలభై రెండేండ్లు. నీకు గుర్తుండకపోవచ్చు. మాట ఇచ్చినవాడికి అది ఊపిరితోపాటు పోతుంది. విన్నవాడికి పోదు. నేను తలుపు చాటున విన్నాను.

నీ కార్డు అందింది. చేతిపనుల మాటలన్నీ పోగేసి పదకోశం అచ్చు వేయిస్తున్నావట. గళ్లు అనే మాటకు అర్థం, వాడుక కావాలట. "సేటు గళ్లు" నేత లెక్క నాకు తప్ప ఎవరికీ తెలియదట. నూలు అమ్ముకున్న ఇంటివాడివి, మాటల మీద పడ్డావన్నమాట. సరే.

ముందు అడిగింది చెప్తాను. నా దగ్గర నాలుగు నిఘంటువులున్నాయి. నాలుగూ గడి అంటే చదరము అని ఒక్క ముక్క చెప్పి పక్క మాటకు పోతాయి. పీట మీద కూర్చుని రాసినవాళ్లు అవి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాళ్లకు గడి ఒక్కటిగా ఉండదని తెలుసు. నిలువు చారను అడ్డ చార దాటిందంటే చుట్టూ నాలుగు గళ్లు పుడతాయి. అందుకే మా వాడలో గడి అని ఒక్కదాన్ని ఎవరూ అనరు. పిల్లలు తొక్కుడుబిళ్లకు నేల మీద గీసేవి గళ్లు. నులక మంచం మీద ఒళ్లు తెలియకుండా పడుకున్నవాడి వీపున తేలేవి గళ్లు. చిన్నకోడూరు రైతు తలకు చుట్టేది గళ్ల దస్తీ. సంబంధం కుదిరిందా అని అడగడానికి మా ముసలమ్మలు "గళ్లు కలిసినయా?" అంటారు. రాసుకో. వీటికి నేనేమీ అడగను.

ఇక సేటు గళ్లు. అర్థం: దొంగ సొత్తు. వాడుక: మీ దుకాణంలో.

నీ పుస్తకం చదివేవాళ్లకు తెలియకపోయినా నీకు తెలుసు. మా అక్క భర్త పోయి పుట్టింటికి వచ్చింది. మా నాయిన మోకాలు వాచి గుంటలో దిగలేకపోయాడు. నేను బడిపంతులుగా కొత్తగా కుదిరాను, అడ్డనూలు నడిపే నాడె విసరడం రాదు. మా కులంలో ఆడవాళ్లు నూలును కండెలుగా చుడతారు, గంజి పెడతారు, మగ్గంలో దిగరు. అక్క తలుపు వేసుకుని దిగింది. ఎరుపు, నలుపు గళ్లతో ఎవరూ నేయని గుడ్డ నేసింది. నూలు తెచ్చి ఇచ్చే నువ్వు ఒకరోజు చూశావు. మాట ఇచ్చావు. ఇంటికి పోయి మీ నాయినకు, ఊరంతా సేటు అనేవాడికి, చెప్పావు.

ఆయన మర్నాడే నిన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. మగ్గం మీదున్న గుడ్డను చూసి, "ఆడదాని శెయ్యి. అడ్డమొక కొలత, నిలువొక కొలత. గివి గళ్లు గావు" అన్నాడు. నవ్వాడు కూడా. అక్క ఆయనతో మాట్లాడలేదు. మా నాయిన వైపు తిరిగి ఒక్కమాటే అన్నది: "నాయినా, నువ్వు జెప్పు." ఆయన తల దించుకున్నాడు. వాడలో పెద్ద నేతగాడు, ఎవరి ముందూ వంగని మనిషి. ఆ తల దించింది మీ ఇల్లు. పని మధ్యలో, నిలువు దారాల పడుగు కోతకు పోయింది. తర్వాత మీ దుకాణంలో ఆ గుడ్డే ఉతికితే గళ్లు చదరంగా తేలాయి. వేరే నేతగాళ్లతో నేయిస్తే అవే సేటు గళ్లని ఊరూరా అమ్ముడుపోయాయి. అక్క మళ్లీ గుంటలో దిగలేదు. మూడేండ్లు కండెలు చుట్టి, నాలుగో ఏడు చలిజ్వరంతో పోయింది.

ఆమె లెక్క పెట్టుకోవడానికి ముడులు వేసిన దారం నా దగ్గరే ఉంది. పుస్తకంలో "సాయవ్వ గళ్లు" అని పడితే లెక్క చెప్తాను. లేదంటే దారం నాతోపాటు కాలుతుంది.

రాజనర్సు


హైదరాబాదు, సుల్తాన్ బజారు
27 జూన్ 1946

మిత్రుడు రాజనర్సుకు నాగేశం నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. నా కళ్లు మసకబారాయి. కోడలు సులోచన చదివింది. దొంగ సొత్తు అన్నచోట ఆగి, మామా, ఇది కూడా చదవాలా అని అడిగింది. చదవమన్నాను.

మాట తప్పాను. కాదనను. ఎందుకు తప్పానో మాత్రం అడగకు. అది చెప్పే హక్కు నాకు లేదు.

నువ్వు పుస్తకాలు చదివినవాడివి, నేను చెప్పాలా? పదకోశంలో జనం నోట ఏ మాట ఉంటే అదే వేయాలి. గజ్వేలు సంతకు పోయి సాయవ్వ గళ్లు కావాలంటే ఎవరూ తీసి ఇవ్వరు. సేటు గళ్లంటే ముసలివాళ్లయినా ఉలిక్కిపడి లోపలి అర వెతుకుతారు. కనుక మాట అదే వేసి, కింద చిన్న అక్షరాల్లో "మొదట నేసినది సాయవ్వ" అని చేర్చగలను. అంతకంటే నా చేతిలో లేదు. పండితులు ఐదుగురున్నారు, ప్రతి మాటకూ తగువు పడతారు.

దసరా దాటాక వాళ్లకు మాటలన్నీ వినిపించాలి. నేత మాటలకు గుడ్డ నమూనా కూడా చూపమన్నారు. ఆ గళ్లు నేసిన చేతులన్నీ పోయాయి. ఇప్పుడు దొరికేది మిల్లు గుడ్డ మీద అచ్చొత్తిన గీతలు. లెక్క పంపు. నా కోసం కాదు.

నాగేశం


సిద్దిపేట
19 ఆగస్టు 1946

మిత్రుడు నాగేశానికి రాజనర్సు రాయునది.

నీ ఉత్తరం చూసి మనసు కరిగింది. ఈ వయసులో పంతాలెందుకు? చిన్న అక్షరాలైతే చిన్న అక్షరాలే. అక్క కూడా చిన్న మనిషే.

దారం తీసి ముడులు లెక్కపెట్టాను. తేలిక లెక్క. నిలువు పడుగులో ఎరుపు నలభై పోగులు, నలుపు నలభై. అడ్డంగా కొట్టే పేక కూడా రంగుకు నలభై. మగ్గం మీద కొలబద్ద పెట్టి చూసుకుంటూ నేయమను. అటెంతో ఇటంత ఉండాలి. చదరం అంటే అదే కదా. పసిపిల్లకైనా అర్థమవుతుంది.

నమూనా నేసేవాణ్ణి గట్టివాణ్ణే చూడు. పండితుల ముందుకు పోయే ముందు గుడ్డను బాగా ఉతికించు. ఐమూలగా మడత పెట్టి మూలకు మూల కలిపి చూపించు. మీ నాయిన ఎప్పుడూ అట్లాగే చూసేవాడు.

ఇక్కడ వానలు మంచిగా పడ్డాయి. సులోచనమ్మకు నా ఆశీస్సులు.

రాజనర్సు


హైదరాబాదు
2 నవంబరు 1946

రాజనర్సుకు,

నిన్నటి సంగతి నిన్ననే రాయాలనుకున్నాను. ఇవాళ రాయిస్తున్నాను.

నమూనా నేయడానికి అంజన్న అని ఒక ముసలి నేతగాణ్ణి పట్టుకున్నాను. నీ లెక్క వినగానే అతను నా మొహం చూసి, "గట్లనే నెయ్యాల్నా అయ్యా?" అన్నాడు. అట్లాగే అన్నాను. సిద్దిపేట నుంచి వచ్చిన లెక్క, తప్పుండదని గొప్పగా చెప్పాను. ఇంకో మాట అనకుండా నేసి, ఉతికి తెచ్చాడు.

పండితులకు నీ మాటలన్నీ వినిపించాను. తొక్కుడుబిళ్ల, నులక మంచం, దస్తీ. మెచ్చుకున్నారు. అవి పంపింది నువ్వని చెప్పాను. తర్వాత గుడ్డను ఐమూలగా మడిచి మూలకు మూల కలిపాను. కలవలేదు. ప్రతి గడీ నెత్తిన మొట్టినట్టు కుంగి ఉంది. నాకు కళ్లు సరిగా కనపడవు కదా, కలిసిందనుకుని అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు నవ్వడం మొదలుపెట్టాక తెలిసింది.

మూలన కూర్చున్న అంజన్నను అడిగితే అన్నాడు: "మగ్గం మీద చదరంగనే ఉండె. దించి ఉతికితే కుంగింది. గీ లెక్కిచ్చినాయన సాలోళ్ల ఇంట్ల పుట్టలే అయ్యా, పుడితే గిట్ల చెప్పడు." మళ్లీ నవ్వారు.

ఆ మాటను పుస్తకంలోంచి తీసేశారు. సేటు గళ్లూ లేవు, సాయవ్వా లేదు. ఫిబ్రవరిలో అచ్చుకు పోయేలోపు సరైన లెక్క వస్తే చూస్తామన్నారు.

నువ్వు పొరపాటు పడి ఉంటావని సులోచన అంటున్నది. నువ్వు పొరపాటు పడే మనిషివి కాదని నేనన్నాను.

నాగేశం


సిద్దిపేట
10 నవంబరు 1946

నాగేశానికి రాజనర్సు రాయునది.

పొరపాటు కాదు. తెలిసే పంపాను. ఉతికించమన్నదీ, మడత పెట్టి చూపించమన్నదీ అందుకే.

ఎట్లా ఉంది ఆ నవ్వు? మీ నాయిన నవ్వినప్పుడు మా అక్క కాళ్లు గుంటలోనే ఉన్నాయి. లేచి పోవడానికి కూడా లేదు. నువ్వు కనీసం నిలబడే ఉన్నావు. నీ ఉత్తరంలో ఆ చోటు నేను నాలుగుసార్లు చదువుకున్నాను. మంచి పుస్తకం చదివినంత సుఖంగా ఉంది.

పండితులకు ఇది కూడా చదివి వినిపించు. మగ్గం మీద పడుగు బిగువుగా సాగి ఉంటుంది. గంజి దాన్ని అట్లాగే పట్టి ఉంచుతుంది. మగ్గం మీద చదరంగా కనిపించింది దించి ఉతికాక పొట్టిదవుతుంది. అందుకని మంచి నేతగాడు మగ్గం మీద గళ్లు పొడుగ్గా వచ్చేటట్టు పేక ఎక్కువ కొడతాడు. అప్పటికి వంకరగా కనిపిస్తుంది. ఉతికినవాడికి అసలు సంగతి తెలుస్తుంది. మా అక్క చేసింది అదే. ఎన్ని పోగులు ఎక్కువ కొట్టిందో దారంలో ఉంది, నీకు చెప్పను. మీ నాయిన జన్మంతా గుడ్డ మడిచి చూశాడు, మగ్గాన్ని ఎన్నడూ చూడలేదు. తెలియనివాడు తప్పన్నాడు. ఒకరి బతుకు అక్కడికి ఆగిపోయింది.

పుస్తకం ఆ మాట లేకుండానే రానీ. మీ ఇంటి పేరు అందులో లేకపోతే చాలు.

రాజనర్సు


హైదరాబాదు
8 డిసెంబరు 1946

రాజనర్సుకు,

నెలరోజులు ఆలోచించి ఇది రాయిస్తున్నాను. నీ మీద కోపంతో కాదు. ఆ నవ్వు నాకు రావలసిందే. కానీ నీ పగ కోసం నువ్వు సాయవ్వక్క పేరునే పుస్తకంలోంచి తీయించావు. అది చూశాక దాచిపెట్టి ఏం లాభం అనిపించింది.

నీ మొదటి ఉత్తరంలో పడుగు కోతకు పోయింది అని రాశావు. దానంతట అది పోదు. మా నాయిన వంకరన్నాడు, నిజమే. అప్పుడు నువ్వు లోపలికి పోయి బడి కొలబద్ద తెచ్చావు. గుడ్డ మీద పెట్టావు. "నిలువు అర వేలెడు ఎక్కువున్నది" అని అందరికీ వినపడేటట్టు చెప్పావు. కొత్త పంతులువి. ఆ రోజు నీ మొహం ఎట్లా వెలిగిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, ఇప్పుడు ఎదుటి మనిషి కనిపించకపోయినా. మీ నాయిన "కోసెయ్" అన్నాడు. కత్తెర నీ చేతిలో ఉంది.

నువ్వు ఎరగక కొలిచావు. మా నాయిన ఎరగక అన్నాడు. నేను ఎరగక నోరు జారాను. ఇక్కడితో ఆపితే బాగుండేది.

ఆ మర్నాడు మీ నాయిన కర్ర పట్టుకుని కుంటుతూ మా దుకాణానికి వచ్చాడు. మా నాయినా, నేనూ ఉన్నాం. ఆయన అన్న మాటలు నేను ఒక్కటి కూడా మార్చడం లేదు: "ఉతికినంక చూడు సేటూ, చదరం ఒస్తది. నా చేత గాని పని నా బిడ్డ చేసింది. గది వాడల తెలిస్తే నేను తలెత్తలేను. నీ పేరే పెట్టుకో. దాని పేరు చెప్పకు." తర్వాత నన్ను దగ్గరికి పిలిచి నా చేయి ఆయన నెత్తి మీద పెట్టించుకున్నాడు. "మా రాజనర్సుకు ఎన్నడు చెప్పనని ఒట్టెయ్" అన్నాడు.

వేశాను. అక్కకు ఇచ్చిన మాట తప్పి ఆయనకు ఇచ్చిన మాట నలభై రెండేండ్లు నిలబెట్టాను. ఇవాళ అది కూడా తప్పాను.

నాగేశం


సిద్దిపేట
15 డిసెంబరు 1946

నాగేశం,

అబద్ధం. చచ్చినవాళ్లు వచ్చి కాదనరని రాశావు. నీకు అలవాటే. ఇక నాకు రాయకు.

రాజనర్సు


సిద్దిపేట
6 ఫిబ్రవరి 1947

నాగేశానికి రాజనర్సు రాయునది.

రాయవద్దన్నాను, నేనే రాస్తున్నాను. లెక్క కూడా ఇందులోనే ఉంది. ఇది అందగానే పండితులకు చూపించు. అచ్చు ఇంకా మొదలుపెట్టి ఉండరని నా ఆశ.

అబద్ధమని రాసి పంపాను కానీ నిద్ర పట్టలేదు. మా అక్కకు కండెలు చుట్టి అందించిన ఎల్లవ్వ ఒక్కతే ఇంకా ఉంది. ఎనభై దాటింది, చెవులు బాగానే ఉన్నాయి. పదిహేను రోజుల కింద పోయి ఎదురుగా కూర్చున్నాను. నాయినకు ఆ రోజు తెలుసా అని అడిగాను. అడగడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను. ఆమెకు జవాబు చెప్పడానికి ఏమీ పట్టలేదు.

"తెల్వకుంటేంది బిడ్డా? సాలోడు మగ్గం మీద గుడ్డ చూసి గళ్లు వంకరంటడా? సేటంటడు. నువ్వంటవు, సదువుకున్నోనివి."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నాను. "నువ్వెన్నడన్న అడిగినవా?" అని కండె చుట్టుకోసాగింది.

ఇంటికి వచ్చి కొలబద్దను పొయ్యిలో పెట్టాను. నలభై రెండేండ్లు దానితో పిల్లల చేతుల మీద కొట్టాను. కాలడానికి చాలాసేపు పట్టింది. పాత కర్ర.

నువ్వు రాసింది నిజం. కొలిచింది నేను. కోసింది నేను. నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఆ రెండూ మింగి, నేరమంతా మీ ఇంటి గడప మీద పెట్టాను. క్షమాపణ అడగను. నువ్వు ఇంట్లో నోరు జారకుంటే ఏదీ జరిగేది కాదు, ఆ మాట మీద నేను చచ్చేదాకా ఉంటాను. కానీ నీ వంతు నేను మోపినంత పెద్దది కాదు.

అక్క అన్న ఆ ఒక్కమాటను ఇంతకాలం తప్పుగా మోశాను. "నాయినా, నువ్వు జెప్పు." మన్నించమని నాయిన చేత సేటుకు చెప్పిస్తున్నదనుకున్నాను. ఆమె సాక్ష్యం అడిగింది. ఆ గదిలో మగ్గం తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆమె ఆయన వైపే తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. దాన్ని నేను అవమానం అనుకున్నాను. దాని కోసం నిన్నూ, మీ నాయిననూ ప్రతి పండుగకూ తిట్టుకున్నాను. ఏటా మా నాయిన తిథికి ఆయన నాడెకు బొట్టు పెట్టి, ముందు అన్నం పెట్టాను. ఈ ఏడు తిథి కిందటి వారం వచ్చింది. నాడె చూరులోనే ఉంది. నేను తీయలేదు.

ఇక నీ పుస్తకానికి. ఇది ఒక్క అక్షరం మార్చకుండా వేయించు:

"సాయవ్వ గళ్లు. ఎరుపు నలుపు చారలు ఒకదాన్నొకటి దాటగా ఏర్పడే నేత. పడుగు రంగుకు నలభై పోగులు, పేక రంగుకు నలభై ఆరు. మగ్గం మీద పొడుగుగా కనిపించును. దించి, గంజి పోవునట్లు ఉతికిన పిమ్మట చదరమగును. మొదట నేసినది సిద్దిపేట సాయవ్వ. బజారులో సేటు గళ్లు అందురు."

బజారు మాట కూడా ఉంచాను, చూశావా? చిన్న అక్షరాల్లో వేసుకో.

దారం ఈ ఉత్తరంలోనే చుట్టి పెట్టాను. నలభై ఆరో ముడి తర్వాత కొంచెం ఒట్టి దారం మిగిలింది. ఆమె ఇంకా ఏదో నేయాలనుకున్నదని నా నమ్మకం. అంజన్నకు ఇయ్యి. సాలోళ్ల ఇంట్లోనే పుట్టానని కూడా చెప్పు.

ఇంకొక్క వాక్యం ఉంది. పండితులు ఒప్పుకోరు, పదకోశంలో ఇట్లాంటివి వేయరు. అయినా నీ దగ్గర రాసిపెట్టు. నీ కళ్లకు కనపడకపోతే సులోచనమ్మను గట్టిగా చదవమను. మా నాయిన పరువు కోసం నువ్వు అక్క పేరు దాచావు. ఆమె ఆ పరువు కిందే మూడేండ్లు కండెలు చుట్టి పోయింది. నేను దాచను. ఆ రోజు మీ నాయినకు తెలియదు. నాకు తెలియదు. నీకు తెలియదు. తెలిసి కూడా కోయమన్నవాడు ఒక్కడే, ఆమెను కన్నవాడు, బాలనర్సయ్య.